గీత దాటిన సున్నం

నా చిన్నప్పుడు మా ఊళ్లో చేప ముక్క లేకుండా పూట గడిచిందంటే ఆ ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి ఉండాలి, లేదా శ్రమకాలం వచ్చి ఉండాలి. మాది కొల్లేటి ఒడ్డు. పొద్దున్నే చద్దన్నంలోకి రాత్రి మిగిలిన పులుసు, మధ్యాహ్నం జెల్లల కూర, చుట్టాలొస్తే కొరమేను. అలాంటి ఊళ్లో శ్రమకాలం, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై దినాలూ, మా క్రైస్తవుల ఇళ్లన్నీ నీచు మానేసేవి. చేపల గంపలు గుమ్మం ముందు నుంచే వెళ్లిపోతుంటే మేం పిల్లలం కంచంలో గోంగూర పచ్చడి వైపు చూసి ఏడుపు మొహాలు పెట్టేవాళ్లం. ప్రభువు మన కోసం పడ్డ శ్రమ ముందు ఇదెంత అనేవారు పెద్దవాళ్లు. మేం గోంగూర తింటే ఆయనకు ఒరిగేదేమిటో నాకు బోధపడేది కాదు. అడిగితే వీపు విమానం మోత మోగుతుందని తెలుసు కాబట్టి నోరు మూసుకుని తినేదాన్ని.

మానేయడంలో మా తాతయ్యను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. నీచుతో పాటు చుట్ట, చుట్టతో పాటు కాఫీ, చివరికి మంచం కూడా మానేసి కటిక నేల మీద పడుకునేవారు. ఒంటిపూట భోజనం. ఒక ఏడాది ఉప్పు కూడా మానేస్తే, ఆయన కోసం వేరే గిన్నెలో కూర వండలేక మా నాయనమ్మ విసిగిపోయింది. గుండుగొలను నుంచి వచ్చిన చుట్టాలు మా నాన్నతో, 'ఉపవాసమంటే మీ నాన్నగారిదేనండి' అని చెప్పి మరీ వెళ్లేవారు. తాతయ్య ఆ మాట విననట్టే కూర్చునేవారు గానీ చెయ్యి మాత్రం మీసం మీదికి వెళ్లేది.

అన్నీ మానేసే ఆ మనిషి ఒక్కటి మాత్రం మానలేదు. అది తన తమ్ముడి మీద కోపం.

ఆ తమ్ముణ్ణి మేం చిన్న తాతయ్య అనేవాళ్లం. అదే ఊళ్లో, రెండు వీధుల అవతల ఉండేవారు. ఆయన చేసిన తప్పేమిటో మా ఇంట్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నేను పుట్టకముందు ఒక వానాకాలం కొల్లేరు పొంగి ఊరి చుట్టూ నీళ్లు నిలిచిపోయాయి. అన్నదమ్ములిద్దరి తల్లికి కడుపులో పోటు వచ్చింది. ఆవిణ్ణి పడవ మీద రోడ్డు దాకా చేరిస్తే ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవచ్చు. ఊళ్లో పడవలన్నీ వేటకు వెళ్లిపోయాయి. ఇంటి పడవ ఒక్కటే దిక్కు, అది కట్టుగొయ్య దగ్గర లేదు. చిన్న తాతయ్య ఎవరికీ చెప్పకుండా ఆ పడవేసుకుని అవతలి ఊళ్లో నాటకం చూడ్డానికి పోయారు. తెల్లారి తిరిగొచ్చేసరికి తల్లి నీళ్ల వైపు చూస్తూ ఇంటి అరుగు మీదే కన్నుమూసి ఉంది.

తాతయ్య ఈ కథ చెప్పని రోజు లేదు. గొడుగు బాగుచేసేవాడు వచ్చినా, ఓటరు జాబితా పట్టుకుని మాస్టారు వచ్చినా, కాసేపు కూర్చున్నారంటే చాలు, వాన దగ్గర మొదలుపెట్టి అరుగు దగ్గర ముగించేవారు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ నీళ్లు మింగాలో అన్నీ కుదిరిపోయాయి. మేం పిల్లలం వెనక కూర్చుని ఆయనతో పాటు పెదవులు కదిపేవాళ్లం. కథ వింటున్నంతసేపూ చిన్న తాతయ్య మీద నాకు ఒళ్లు మండిపోయేది. బడికి వెళ్తూ దారిలో ఆయన ఎదురుపడి నవ్వితే మొహం తిప్పేసుకునేదాన్ని. అంత రుచిగా చెప్పేవారు మరి.

కానీ ఆ కథ ఆయన్ను తినేస్తోందని నాకు తెలియదు, నాయనమ్మకు తెలుసు. మా సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరితోనైనా పగ ఉన్నవాళ్లు సమాధానపడేదాకా ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదు. ఎవరూ కాపలా ఉండరు, ఎవరి మనస్సాక్షి వాళ్లదే. అందరూ లేచి వరసగా ముందుకు వెళ్తుంటే తాతయ్య మొదటి వరసలోనే తల వంచుకుని కూర్చుండిపోయేవారు. గుమ్మం పక్కన చిన్న తాతయ్యా అంతే. నాయనమ్మ ఒక్కతే వెళ్లి వచ్చేది. పరలోక ప్రార్థన చెప్పేటప్పుడు నేను తాతయ్య పక్కనే నిలబడేదాన్ని. మాకు కీడు చేసినవాళ్లను మేం క్షమించాం, అలాగే మమ్మల్నీ క్షమించు అని అడిగే చోటుకు రాగానే ఆయన గొంతు ఆగిపోయేది. ఆ వాక్యం దాటాక మళ్లీ అందుకునేది. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, దేవుడి దగ్గర కూడా ఆడలేదు.

నేను చెప్పబోయే ఏడాది ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఏలూరు తీసుకెళ్తే డాక్టరుగారు మందులిచ్చి, బరువులెత్తొద్దని చెప్పి పంపారు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి తాతయ్య మాట తగ్గింది. ఒకరోజు నాయనమ్మతో, 'బల్ల తీసుకోకుండానే పోతానేమోనే' అన్నారు. మీసం మీద చెయ్యి వేసుకునే మనిషి అలా బెంగగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. నాకు ఏడుపొచ్చింది. నాయనమ్మకు మాత్రం ఏడుపు రాలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ ఏదో ఆలోచిస్తూ కూర్చుంది.

శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థనకు అయ్యగారు వచ్చారు. మా సంఘ కాపరిని అందరూ అలాగే పిలిచేవారు. ఆ రోజు ఇంట్లో ప్రతి ఒక్కరూ ఈ నలభై దినాలూ ఏం మానేస్తారో అందరి ముందూ చెప్పాలి, అది మా ఆనవాయితీ. నేను బెల్లం మానేస్తానన్నాను. మా తమ్ముడు పొట్లకాయ మానేస్తానంటే మా అమ్మ వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. తాతయ్య వంతు వచ్చేసరికి నాయనమ్మ కొంగు సర్దుకుని, చాలా మెత్తగా, 'ఏవండీ, ఎప్పుడూ మీకు నచ్చినవే మానేస్తారు. ఈసారి నేను చెప్పింది మానేస్తారా?' అంది.

తాతయ్యకు పౌరుషం వచ్చింది. ఉప్పు మానేయమంటావా, మంచినీళ్లు మానేయమంటావా, ఏదైనా సరే అన్నారు. మాట తప్పరు కదా అని ఆవిడ మళ్లీ అడిగింది. అయ్యగారి ముందు చెబుతున్నాను, తప్పను అన్నారాయన.

'అయితే పడవ కథ మానేయండి. మీ తమ్ముడు చేసిన తప్పు ఈ నలభై దినాలూ ఎవరికీ చెప్పకండి. చేప తినండి, చుట్ట కాల్చుకోండి, నేనేమీ అనను.'

అయ్యగారు నవ్వు దాచుకోవడానికి గొంతు సవరించుకున్నారు. తాతయ్య మొహం ఎర్రబడింది. ఇది ఉపవాసమేమిటి, ఇలాంటిది ఎక్కడైనా ఉందా అని అయ్యగారి వైపు చూశారు. ఉందనీ లేదనీ చెప్పకుండా అయ్యగారు తలవంచి ప్రార్థన మొదలుపెట్టేశారు. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

మొదటి వారం ఆయన పడ్డ అవస్థ చూడాలి. చేప తినవచ్చని చెప్పినా తినలేదు, పంతం. మనిషి గుమ్మంలోకి రావడం ఆలస్యం, నోటి దాకా వచ్చిన వానా, పడవా, అరుగూ అక్కడే ఆగిపోయేవి. మాటకు బదులు దగ్గు వచ్చేది. ఉప్పు మానేసిన ఏడాది కూడా ఇంత చిక్కలేదని మా అమ్మ అంది. ఒకరోజు పెదవేగి నుంచి దూరపు చుట్టం ఒకాయన వచ్చారు. పాపం ఆయనకేం తెలుసు, కాళ్లు కడుక్కుంటూనే, 'మీ తమ్ముడుగారు బాగున్నారాండి?' అని అడిగేశారు. నాయనమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మేమందరం తాతయ్య నోటి వైపు చూస్తున్నాం. ఆయన నోరు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. చివరికి, 'ఆ, బాగానే ఉన్నాడండి' అన్నారు. తమ్ముడి గురించి ఆయన నోట మంచి మాట వినడం నాకదే మొదలు. నాయనమ్మ వంటింట్లోకి వెళ్లి, ఎవరూ అడగకుండానే నాకు ఇంత బెల్లం ముక్క పెట్టి, తను కూడా ఒకటి నోట్లో వేసుకుంది. నేను బెల్లం మానేసిన సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఆ తర్వాత జరిగింది నాయనమ్మ కూడా ఊహించి ఉండదు. సాయంత్రాలు తాతయ్యకు ఏం చేయాలో తోచేది కాదు. అన్నేళ్లుగా ఆ వేళంతా ఆ ఒక్క కథకే అలవాటు పడింది. అది లేకపోయేసరికి ఒకనాడు మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టుకుని, ఎండాకాలం కొల్లేరు ఎండిపోతే బురదలో చేతులు పెట్టి చేపలు ఎలా పట్టేవారో చెప్పడం మొదలుపెట్టారు. 'మేమిద్దరం' అన్నారు. ఎవరిద్దరు తాతయ్యా అని నేను అడిగాను. ఆయన, 'నేనూ, చిన్నోడూ' అన్నారు.

ఇక అక్కణ్ణుంచి రోజుకొక కథ వచ్చింది. చిన్నోడు గూడబాతును పట్టి పెంచుకుంటానని దాని వెంట నీళ్లలోకి దిగి మునిగిపోతే అన్న జుట్టు పట్టి లాగిన కథ. అన్నకు మశూచి సోకితే, దగ్గరికి వెళ్లొద్దన్నా వినకుండా చిన్నోడు కిటికీలోంచి వేపమండతో గాలి విసిరిన కథ. అమ్మ వండిన ఒకే ఒక్క కొరమేను తలకాయ కోసం ఇద్దరూ కొట్టుకుంటే ఆవిడ దాన్ని పిల్లికి వేసేసిన కథ. నవ్వి నవ్వి మాకు పొట్టలు నొప్పెట్టేవి. ఆ కథలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఆ ఒక్క కథ గుమ్మానికి అడ్డంగా పడుకుని వాటిని బయటికి రానివ్వలేదు, అంతే. మర్నాడు బడికి వెళ్తూ చిన్న తాతయ్య కనిపిస్తే నేను మొహం తిప్పుకోలేకపోయాను. 'గూడబాతు దొరికిందా తాతయ్యా' అని అడిగేసి పరుగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన నడి దారిలో అలాగే నిలబడి ఉన్నారు.

ఈస్టరుకు ముందు రోజు శనివారం ఊరంతా సమాధుల దిబ్బ మీదే ఉండేది. తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికే వెళ్తాం కాబట్టి, ముందు రోజే ఎవరివాళ్ల సమాధులకు వాళ్లు కలుపు పీకి సున్నం వేసుకోవాలి. తాతయ్య వాళ్లమ్మ, అంటే మా ముత్తవ్వ, సమాధికి ఒక తమాషా ఉండేది. సున్నం నేను వేస్తానంటే నేను వేస్తానని అన్నదమ్ములు ఒకప్పుడు అక్కడే కలియబడబోతే, పెద్దమనుషులు కల్పించుకుని సమాధి నడుమ తాపీతో అడ్డంగా ఒక గీత గీశారట. తల వైపు అన్నది, కాళ్ల వైపు తమ్ముడిది. అన్న పొద్దున్న వచ్చి వేసి వెళ్లాలి, తమ్ముడు మధ్యాహ్నం. తాతయ్య సున్నంలో నీలిమందు కలిపేవారు, చిన్న తాతయ్య కలిపేవారు కాదు. దాంతో సమాధి సగం నీలంగా, సగం తెల్లగా ఉండేది. ఊళ్లో పిల్లలు మమ్మల్ని ఆ సమాధి పేరు చెప్పే ఏడిపించేవాళ్లు.

ఆ శనివారం తాతయ్యకు బరువు ఎత్తకూడదు కాబట్టి సున్నం కలిపిన ఇనప తట్ట మా నాన్న మోసి దిగబెట్టి వెళ్లారు. నేను కుంచె పట్టుకుని తాతయ్యతో ఉన్నాను. ఆ రోజు ఆయన తల వైపు కూర్చోలేదు. నేరుగా కాళ్ల వైపు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని సున్నం వేయడం మొదలుపెట్టారు. గీత దాటేశారు తాతయ్యా, అది మనది కాదు అన్నాను. ఆయన కుంచె ఆపలేదు. నేనే కాదు, పక్క సమాధుల దగ్గరున్నవాళ్లంతా చూశారు. అన్న తమ్ముడి వాటా కూడా ఆక్రమించుకుంటున్నాడనుకున్నారు. అంతకన్నా ఇంకేమనుకుంటారు? ఎవరో పరుగెత్తుకెళ్లి చిన్న తాతయ్యకు చెప్పేశారు.

ఆయన తన సున్నం బకెట్టుతో ఆయాసపడుతూ వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాళ్ల వైపైనా నాకు మిగల్చవా అన్నయ్యా అన్నారు. చుట్టూ జనం మూగారు. మా నాయనమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో, నా భుజం గట్టిగా పట్టుకుంది. తాతయ్యకు ఏమైనా అవుతుందేమోనని ఆవిడ భయం.

తాతయ్య మోకాళ్ల మీంచి లేవలేదు. అలాగే తలెత్తి చూశారు.

'చిన్నోడా, నువ్వు తల దగ్గర వెయ్యి. ఇన్నేళ్లూ అమ్మ తల నిన్ను ముట్టుకోనివ్వలేదు నేను. కాళ్ల దగ్గర నేను వేస్తాను.'

చిన్న తాతయ్య కదల్లేదు. అప్పుడు తాతయ్య జనం వైపు తిరిగి, నేను ఎన్నడూ వినని ముక్క ఒకటి చెప్పారు. అమ్మను పూడ్చిన రోజు వీడు ఇక్కడే, అందరూ వెళ్లిపోయాక, నా కాళ్ల మీద పడి క్షమించమన్నాడు, నేను కాలితో తోసేశాను, ఆ కథ ఇంతమందికి చెప్పాను గానీ ఈ ముక్క ఒక్కరికీ చెప్పలేదు అన్నారు. 'వాడు చేసింది తప్పే. నేను చేసిందీ తప్పే. వాడు అప్పుడే ఒప్పుకున్నాడు. నాకు ఇన్నేళ్లు పట్టింది. నన్ను క్షమించరా.'

బకెట్టు చిన్న తాతయ్య చేతిలోంచి జారి కింద పడింది. ఆయన వచ్చి అన్న పక్కనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఎంతసేపున్నారో తెలియదు. అందరి కంటే ముందు తేరుకున్నది మా నాయనమ్మే. కింద ఒలికినది పోగా మిగిలిన సున్నం మా తట్టలో పోసి, కర్రతో బాగా తిప్పి, ఎండ ముదిరిపోతోంది, లేచి వెయ్యండి ఇద్దరూ అంది. చిన్న తాతయ్య తల దగ్గర మొదలుపెట్టారు, తాతయ్య కాళ్ల దగ్గర. నడుమ గీత దగ్గరికి వచ్చేసరికి రెండు కుంచెలూ తగులుకున్నాయి. కుంచె కడిగినప్పుడు నా అరచేతులకు అంటిన నీలం సాయంత్రం దాకా వదల్లేదు. వదిలించుకోవాలని నేనూ అనుకోలేదు.

మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తులతో పాటలు పాడుకుంటూ ఊరంతా దిబ్బ ఎక్కింది. కొల్లేటి మీద ఇంకా మసక వీడలేదు. సమాధులన్నీ వెలుగులతో నిండిపోయాయి. మా ముత్తవ్వ సమాధి మొదటిసారి ఒకే రంగులో ఉంది. ప్రభువు లేచాడని అయ్యగారు గట్టిగా చెప్పగానే, నిజంగా లేచాడని ఊరంతా ఒక్క గొంతుతో జవాబిచ్చింది. గుడ్డిగా చెప్పే మాట కాదది ఆ రోజు. మా కళ్ల ముందే ఇద్దరు మనుషులు లేచారు. అక్కణ్ణుంచి చర్చికి వెళ్లాం. పరలోక ప్రార్థన మొదలైంది. ఆ వాక్యం దగ్గరికి వస్తుంటే నేను తాతయ్య వైపు తిరిగి చూశాను. తాతయ్య గొంతు ఆగలేదు. ఆగకపోవడమే కాదు, అందరి గొంతులకన్నా పైకి లేచింది. గుమ్మం పక్కనుండే గొంతు ఇప్పుడు మా వరసలోనే ఉంది. తర్వాత అన్నదమ్ములిద్దరూ లేచి బల్ల దగ్గరికి నడిచారు, వెనక నాయనమ్మ. తిరిగి వచ్చేటప్పుడు తాతయ్య చెయ్యి మీసం మీదికి వెళ్లింది. అది అతిశయమని ఎవరైనా అంటే నేను వాళ్లతో పోట్లాడి ఉండేదాన్ని.

మధ్యాహ్నం రెండు కుటుంబాలూ కలిసి కూర్చుని కొరమేను తిన్నాం. తలకాయ ఎవరికి వేయాలని మా అమ్మ అడిగితే, అన్నదమ్ములిద్దరూ ఒకేసారి 'పిల్లికి' అన్నారు.

డాక్టరుగారు భయపెట్టినా తాతయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ వాళ్లమ్మ పక్కనే పడుకున్నారు. నేను టీచరుగా రిటైరై ఏలూరులో ఉంటున్నాను. మా మనవరాలు ఈసారి శ్రమకాలానికి ఫోన్ మానేశానంది. మానేసిన సంగతి మొదట ఫోన్‌లోనే పెట్టింది. నవ్వుకున్నాను. నేను మాత్రం ఏటా భస్మ బుధవారం నాడు ఒక కథ మానేస్తాను. నాకు నోరు తక్కువేం కాదు, ఎవరు నన్నేమన్నారో తేదీలతో సహా అప్పజెప్పగలదాన్ని. మా తోటికోడలు మీద ఒక కథ ఉండేది, నాకు రావలసిన ప్రమోషన్ తప్పించిన మనిషి మీద ఇంకొకటి. నలభై దినాలు నోరు కట్టేసుకుంటే వాటిలో సగం మర్చిపోయాను, మిగతా సగంలో నా వాటా ఎంతో కనబడింది. క్షమించడం నాకు ఈ ఒక్క దారిలోనే వచ్చింది.

తాతయ్య చెబితే ఆ పడవ కథ గంట పట్టేది. మీకు చెప్పిన ఆ నాలుగు ముక్కలే నాకు మిగిలాయి, మా పిల్లలకు అవి కూడా రావు. కిందటి ఈస్టరుకు ముందు శనివారం రెండు కుటుంబాల పిల్లలమూ ఆటోల్లో ఊరికి వెళ్లాం. ముత్తవ్వ సమాధికి సున్నం వేస్తుంటే, దీని నడుమ ఒకప్పుడు ఒక గీత ఉండేదని చెప్పాను. ఎక్కడుండేదో చూపించమని మా మనవరాలూ, చిన్న తాతయ్య ముని మనవడూ నా చేతులు పట్టుకుని లాగారు. వంగి, కళ్లద్దాలు పెట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో తడిమి వెతికాను. ఏటేటా వేసిన సున్నం కింద ఎక్కడ పూడిపోయిందో, ఎంత వెతికినా నాకు దొరకలేదు.